ఒక్క మ్యాచ్ ఓడితే ఊరంతా ఎందుకు కుంగిపోయింది?

నమస్కారం. 2024 డిసెంబర్ మొదటి వారంలో ఈ జవాబు రాస్తున్నాను. మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. మీ అబ్బాయి ఈ ఆగస్టులో కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.లో చేరాడు. మొన్న నవంబర్ 30, శనివారం నాడు పొరుగు రాష్ట్రపు మిషిగన్ విశ్వవిద్యాలయంతో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వాళ్ల జట్టు 13–10తో ఓడిపోయింది. ఆట అయ్యాక మైదానంలో ఆటగాళ్లు కలబడ్డారు, పోలీసులు పెప్పర్ స్ప్రే చల్లారు. గదిలో తోడుండే అమెరికన్ కుర్రవాడు అప్పటినుంచి సరిగా తిండి తినడం లేదు. "చదువుకునే పిల్లల ఆటకు ఇంత రాద్ధాంతం ఎందుకు? మావాడు అక్కడ క్షేమంగా ఉంటాడా? తర్వాతి మ్యాచ్‌కు టికెట్ కొంటానంటున్నాడు, కొననివ్వాలా? టెక్సాస్ ఏ అండ్ ఎంలో చదివే వాడి స్నేహితుడు అసలు పోటీ మాదే అంటున్నాడట, నిజమేనా?" ఇవీ మీ ప్రశ్నలు. చాలా కాలంగా ఒహాయోలోనే ఉంటున్నాను. మా పిల్లలిద్దరూ ఈ విశ్వవిద్యాలయంలోనే చదివారు. ఈ ఆటంటే నాకు ప్రాణం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

క్షేమం గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. ఆ రోజు స్టేడియంలో లక్ష మందికి పైగా ఉన్నారు. గొడవ జరిగింది ఆటగాళ్ల మధ్య, మైదానం నడుమ. గెలిచిన మిషిగన్ వాళ్లు ఒహాయో స్టేట్ చిహ్నం మీద తమ జెండా పాతబోయారు, వీళ్లు అడ్డుకున్నారు. ప్రేక్షకుల్లో ఉన్నవాళ్లు చలికి వణుకుతూ, మాట లేకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. మరునాడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్, అంటే ఈ రెండు జట్లూ ఆడే విశ్వవిద్యాలయాల లీగ్, రెండు విశ్వవిద్యాలయాలకూ చెరో లక్ష డాలర్ల జరిమానా వేసింది. అదే శనివారం మరికొన్ని చోట్ల కూడా గెలిచిన జట్లు జెండాలు పాతబోతే తోపులాటలు జరిగాయి. నా మటుకు నాకు, జెండా పాతడం పెద్ద నేరంగా తోచదు. అది నచ్చకపోతే మ్యాచ్ గెలిచి ఆపాలి. ఇరవై ఏళ్ల పిల్లల ముఖాల మీద పెప్పర్ స్ప్రే చల్లేదాకా పోలీసులు వెళ్లడమే నాకు బాధ కలిగించింది.

మీ అబ్బాయికి మాత్రం రెండు మాటలు గట్టిగా చెప్పండి. మొదటిది, ఎంత సంబరమైనా మైదానంలోకి దిగవద్దు. అమెరికన్ విద్యార్థికి చిన్న మందలింపుతో పోయేది, అరెస్టు దాకా వెళితే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. రెండవది, బెట్టింగ్ జోలికి పోవద్దు. ఒహాయోలో 2023 జనవరి 1 నుంచి 21 ఏళ్లు నిండినవారికి క్రీడా బెట్టింగ్ చట్టబద్ధం. ఫోనులోనే పని అయిపోతుంది, మొదట్లో ఉచితంగా డబ్బు వేసి మరీ ఆశ పెడతారు. పందెం పోయినవాళ్లు పంతొమ్మిదేళ్ల ఆటగాళ్లకు బూతులు, బెదిరింపులు పంపడం ఎంతదాకా వెళ్లిందంటే, కళాశాల ఆటగాళ్లు ఒక్కొక్కరి ఆట మీద విడివిడిగా కట్టే పందేలను ఒహాయో 2024లో నిషేధించాల్సి వచ్చింది. బెట్టింగ్ యాప్‌లు మన ఊళ్లలో ఎన్ని సంసారాలను రోడ్డున పడేశాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఇంత దుఃఖం ఎందుకు?

ఒహాయోకు, మిషిగన్‌కు మధ్య తగవు ఈ ఆట కంటే పాతది. 1835–36లో టొలీడో పట్టణం ఎవరిదన్న సరిహద్దు వివాదంలో రెండు వైపులా సాయుధ దళాలను దించుకున్నారు. టొలీడో ఒహాయోకు దక్కింది, దానికి బదులుగా మిషిగన్‌కు ఎగువ ద్వీపకల్పం వచ్చింది. రెండు విశ్వవిద్యాలయాలు తొలిసారి ఆడింది 1897లో. 1969 నుంచి 1978 వరకు ఒహాయో స్టేట్ కోచ్ వుడీ హేస్‌కు, ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసి మిషిగన్‌కు కోచ్‌గా వెళ్లిన బో షెంబెక్లర్‌కు మధ్య సాగిన పోటీని ఇక్కడ ఇప్పటికీ పదేళ్ల యుద్ధం అంటారు. మిషిగన్ మ్యాచ్ ఉన్న వారంలో మీ అబ్బాయి క్యాంపస్‌లో ఒక సంగతి గమనించే ఉంటాడు. భవనాల పేర్లలో, దారి చూపే బోర్డుల మీద ఎక్కడ 'ఎం' అక్షరం కనిపించినా దానిపై ఎర్ర టేపుతో అడ్డంగా కొట్టేస్తారు. ఇదంతా విద్యార్థులు, ఉద్యోగులు కలిసి శ్రద్ధగా చేసే పని.

దీనికి తోడు ఒక చిన్న ఆభరణం ఉంది. 1934 నుంచి మిషిగన్‌ను ఓడించిన ప్రతి ఒహాయో స్టేట్ ఆటగాడికీ ప్యాంటు ఆకారంలో ఉండే చిన్న బంగారు బిళ్ల ఇస్తారు. వేలి కొసన ఇమిడేంత ఉంటుంది, వెనుక మ్యాచ్ స్కోరు చెక్కి ఉంటుంది. పెద్ద పెద్ద కంపెనీల్లో పదవులు చేసిన ముసలివాళ్లు కూడా దాన్ని భద్రంగా దాచుకుని అడిగినవాళ్లకు చూపిస్తారు. 2019లో 56–27తో గెలిచాక, మొన్నటి 2024 మ్యాచ్ దాకా ఈ బిళ్ల ఎవరికీ అందలేదు. 2020లో కోవిడ్ వల్ల మ్యాచ్ జరగలేదు. ఆ తర్వాత వరుసగా నాలుగేళ్లు, 2021 నుంచి మొన్నటి వరకు, మిషిగనే గెలిచింది. అంటే నాలుగేళ్లు ఈ జట్టుకు ఆడి, ఈ ఏడు పట్టా పుచ్చుకుని వెళ్లే కుర్రవాడు ఆ బిళ్ల లేకుండానే వెళ్తాడు. మీ అబ్బాయి గదిలోని కుర్రవాడి తండ్రో తాతో కూడా ఇక్కడే చదివి ఉండవచ్చు. వాడి దిగులు మూడు తరాలది.

మొన్నటి మ్యాచ్ మరీ ఎందుకు నొప్పించిందో తెలియాలంటే ఆట కొంచెం తెలియాలి. మైదానం పొడవు 100 గజాలు, రెండు వైపులా పదకొండేసి మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో కనీసం 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. తర్వాత ఒక తన్నుకు 1 పాయింటు. గీత దాకా చేరలేమనుకుంటే దూరం నుంచే గోల్ స్తంభాల మధ్యకు తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవచ్చు. కబడ్డీ చూసి పెరిగిన కళ్లకు ఇది త్వరగానే అందుతుంది: గీత కోసం తెగబడటం, పట్టు, పట్టు విడిపించుకుని ఒక్క అంగుళం ముందుకు పడటం ఇక్కడా అవే.

ఆ రోజు ఒహాయో స్టేట్ దేశంలో రెండో ర్యాంకు జట్టు. మిషిగన్‌కు అసలు ర్యాంకే లేదు, అప్పటికి ఆరు గెలిచి ఐదు ఓడింది. పందెం లెక్కల ప్రకారం తేడా దాదాపు 20 పాయింట్లు. ఒహాయో స్టేట్ ఈ ఏడాది జట్టు మీద సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చయిందని వాళ్ల క్రీడా విభాగాధిపతే చెప్పారు. అలాంటి జట్టు, పాస్‌లు, అంటే ముందుకు విసిరిన బంతులు, అందుకోవడంలో దేశంలోనే మేటి కుర్రవాళ్లైన జెరమైయా స్మిత్, ఎమెకా ఎగ్‌బూకా ఉండగా, మళ్లీ మళ్లీ బంతిని మిషిగన్ గోడ మధ్యలోకే తీసుకుని పరుగెత్తింది. ఆ మధ్యలో ఉన్నది మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్. ఆ ఇద్దరినీ కదిలించడం ఎవరి తరమూ కాదని సీజనంతా చూస్తూనే ఉన్నాం. కోచ్ రయన్ డే ఈ ఒక్క మ్యాచ్‌లో తన జట్టు బలాన్ని నమ్మలేదని నా అభిప్రాయం. మిషిగన్ ముందు తాము మెతక కాదని నిరూపించుకోవాలన్న పట్టుదలతో తమకు చేతనైన ఆటను వదిలేశారు. పైగా ఒహాయో స్టేట్ పాస్‌లు రెండు ప్రత్యర్థి చేతికి చిక్కాయి, ఫీల్డ్ గోల్ తన్నులు, అంటే ఆ 3 పాయింట్ల తన్నులు, రెండు గురి తప్పాయి.

మిషిగన్ గొప్పగా ఏమీ ఆడలేదు. మ్యాచ్ మొత్తంలో పాస్‌ల ద్వారా సంపాదించింది 62 గజాలే. కానీ 10–10 దగ్గర, ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు, కాలెల్ మల్లింగ్స్ బంతిని పట్టుకుని, మీద పడ్డవాళ్లను విదిలించుకుని 27 గజాలు పరుగెత్తాడు. ఇంకా 45 సెకన్లు ఉండగా డొమినిక్ జ్వాడా 21 గజాల నుంచి తన్ని 3 పాయింట్లు తెచ్చాడు. అంతటితో అయిపోయింది. ఆ ఏడాది తప్పినవన్నీ ఆ ఒక్క సాయంత్రంతో మిషిగన్‌కు మాఫీ అయ్యాయి. ఈ ఆటను నేను ఇంతగా ప్రేమించేది ఇందుకే. ఐదు మ్యాచ్‌లు ఓడిన జట్టుకు కూడా నవంబర్ చివరి శనివారం దాకా ఒక ఆశ మిగిలి ఉంటుంది. ఎవరి మీద గెలిచావన్నది ఎన్ని గెలిచావన్నదాని కంటే పెద్ద లెక్క.

ఇప్పుడు టెక్సాస్ సంగతి. ఆ స్నేహితుడి మాటనూ తీసిపారేయలేం. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి, టెక్సాస్ ఏ అండ్ ఎంకు మధ్య పోటీ 1894లో మొదలైంది. ఏ అండ్ ఎం తన కాన్ఫరెన్స్ వదిలి 2012లో వేరేదానిలోకి వెళ్లడంతో 2011 తర్వాత ఆ మ్యాచ్ ఆగిపోయింది. టెక్సాస్ కూడా 2024 జులైలో అదే కాన్ఫరెన్స్‌లో చేరింది కాబట్టి పదమూడేళ్ల తర్వాత మొన్న శనివారమే కాలేజ్ స్టేషన్‌లో మళ్లీ ఆడారు. టెక్సాస్ 17–7తో గెలిచింది. అక్కడి విద్యార్థులు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు, నిలబడే చూస్తారు. 1922 జనవరిలో డాలస్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో ఆటగాళ్లు వరుసగా గాయపడుతుంటే, ప్రేక్షకుల వైపు ఉన్న కింగ్ గిల్ అనే విద్యార్థి కిందికి దిగి, జట్టు దుస్తులు వేసుకుని, పిలిస్తే ఆడటానికి గట్టు మీద నిలబడ్డాడు. పిలవాల్సిన అవసరం రాలేదు. కానీ ఆ నిలబడటమే ఆనవాయితీ అయింది. నూరేళ్లు దాటినా, ఎక్కడో కరీంనగర్ నుంచో అనంతపురం నుంచో వెళ్లిన పిల్లలు కూడా అక్కడ మూడున్నర గంటలు అలాగే నిలబడుతున్నారు.

ఆ పోటీలో ఒక విషాదం ఉంది. టెక్సాస్‌తో మ్యాచ్‌కు ముందు ఏ అండ్ ఎం విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద భోగిమంట వేసేవారు. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున, పేరుస్తుండగానే ఆ దుంగల కుప్ప కూలిపోయి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. ఆ తర్వాత జరిగిన మ్యాచ్ విరామంలో టెక్సాస్ విశ్వవిద్యాలయం బ్యాండు, నూరేళ్ల ప్రత్యర్థులు, చనిపోయిన పిల్లల కోసం నివాళి గీతం వాయించి టోపీలు తీసి నిలబడింది. విశ్వవిద్యాలయం ఆ మంటను మళ్లీ అనుమతించలేదు, అది సరైన నిర్ణయం. కొలంబస్‌లో కూడా మిషిగన్ వారంలో విద్యార్థులు గడ్డకట్టే చలిలో మిర్రర్ లేక్‌లోకి దూకేవారు. 2015లో ఒక విద్యార్థి మరణించాక దాన్ని ఆపించారు. సంబరం పేరుతో ఎవరైనా మీవాడిని అలాంటివాటికి పిలిస్తే వెళ్లవద్దని చెప్పండి.

శుక్రవారం రాత్రి జార్జియా, జార్జియా టెక్ ఆడిన మ్యాచ్ రికార్డింగ్ ఎక్కడైనా దొరికితే మీ అబ్బాయిని తప్పకుండా చూడమనండి. సగం ఆటకు టెక్ 17–0తో ముందుంది. చివరి నిమిషాల్లో జార్జియా లాక్కొచ్చి 27–27 చేసింది. అదనపు సమయం ఎనిమిది విడతలు నడిచింది. మూడో విడత నుంచి ఒక్కో జట్టుకు గీత దగ్గర నుంచి ఒక్కటే ప్రయత్నం, గెలిస్తే 2 పాయింట్లు. చివరికి 44–42తో జార్జియా గెలిచింది. టెక్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి ఆట నడిపించే ఆటగాడు) హేన్స్ కింగ్ ఆ రాత్రి ఆడిన ఆటకు ఓటమి అన్న మాట వాడటానికి నాకు మనసొప్పదు. ఇక నార్త్ కరొలైనా తన 73 ఏళ్ల కోచ్ మ్యాక్ బ్రౌన్‌ను ఆఖరి మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు తొలగించింది. మార్పు అవసరమే కావచ్చు, ఆ నాలుగు రోజులు ఆగి ఉంటే మర్యాదగా ఉండేది.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ, ఈ వారం ఇక్కడ ఎవరు మాట్లాడినా అక్కడికే వస్తోంది కాబట్టి చెప్పాలి. ఒకప్పుడు ఈ ఆటగాళ్లకు చదువు ఖర్చులు తప్ప ఒక్క డాలరు ముట్టేది కాదు. కోచ్‌లకు మాత్రం కోట్లు. టెక్సాస్ ఏ అండ్ ఎం 2023లో తన కోచ్ జింబో ఫిషర్‌ను తొలగిస్తే, ఒప్పందం ప్రకారం ఆయనకు 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది, అదీ కోచ్‌గా పని చేయకుండా ఉన్నందుకు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 9–0తో, కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి చెల్లించే ఒప్పందానికి 2024 అక్టోబర్‌లో న్యాయమూర్తి ప్రాథమిక అనుమతి ఇచ్చారు. అది ఖాయమైతే 2025 నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తాయి. డబ్బు వచ్చి ఆట పాడైపోయిందని గొణిగే పాత అభిమానులతో నేను ఏకీభవించను. లక్ష మంది టికెట్ కొని చూసే ఆటలో చెమట కార్చేవాడికి వాటా దక్కడం న్యాయం.

ఆ కుర్రవాళ్లు పణంగా పెడుతున్నది తమ శరీరాన్ని. 1905లో ఒక్క సీజన్‌లోనే కనీసం పద్దెనిమిది మంది చనిపోతే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కల్పించుకున్నారు. నియమాలు మారాయి, మరుసటి ఏడాది ముందుకు పాస్ విసరడాన్ని అనుమతించారు. ఇప్పుడు అలాంటి చావులు అరుదు, కానీ తల దెబ్బలు ఆగలేదు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చనిపోయిన 53 మంది కళాశాల స్థాయి ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 48 మందిలో దెబ్బల వల్ల వచ్చే క్షీణత కనిపించింది. లక్షణాలు గమనించిన కుటుంబాలే ఎక్కువగా ఇచ్చిన మెదళ్లు కాబట్టి అందరికీ ఆ నిష్పత్తిని అంటగట్టకూడదు. అయినా అది చదివాక ఈ పిల్లలకు డబ్బెందుకు అనే మాట నా నోట రాదు.

నాకు నిజంగా కోపం తెప్పిస్తున్నది కాన్ఫరెన్స్‌ల తారుమారు. టీవీ ఒప్పందాల కోసం ఇరుగుపొరుగు మ్యాచ్‌లను తెంచేస్తున్నారు. పశ్చిమ తీరంలో నూరేళ్లకు పైగా నిలిచిన కాన్ఫరెన్స్ 2023 వేసవిలో చెదిరిపోయి, చివరికి ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. పసిఫిక్ వైపున్న కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో ఉంది. ఫుట్‌బాల్ వాళ్లు వారానికి ఒక్కసారి ఎగిరి వెళ్తారు, సరే. వాలీబాల్ ఆడే అమ్మాయిలు, టెన్నిస్ ఆడే పిల్లలు కూడా అదే కాన్ఫరెన్స్ కాబట్టి పరీక్షల మధ్య 4 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ 1904 నుంచి ఆడుతూ వచ్చిన పోటీ 2023తో ఆగిపోయింది. టెక్సాస్, ఏ అండ్ ఎం మళ్లీ కలవడానికి పదమూడేళ్లు పట్టింది. ఆటగాడికి జీతం ఇచ్చినా మిషిగన్, ఒహాయో స్టేట్ మ్యాచ్ అలాగే ఉంటుంది. ఆ మ్యాచ్‌నే తీసేస్తే మాత్రం డబ్బు పెట్టి కొనడానికి ఏమీ మిగలదు.

చివరిగా టికెట్. ఒహాయో స్టేట్ సీజన్ ఇంకా ముగియలేదు. 2024 నుంచి జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్‌లో నాలుగు జట్ల బదులు 12 జట్లు పోటీ పడతాయి. ఈ ఆదివారం, 2024 డిసెంబర్ 8న జాబితా ప్రకటిస్తారు. మిషిగన్‌తో ఓడినా ఒహాయో స్టేట్‌కు చోటు దక్కుతుందనే నా నమ్మకం. ఐదు నుంచి ఎనిమిది లోపు స్థానం వస్తే తొలి రౌండు మ్యాచ్ కొలంబస్‌లోనే, డిసెంబర్ 20 లేదా 21న జరుగుతుంది. టైటిల్ గెలిచే సత్తా ఈ జట్టుకు ఉంది. గెలిచినా మిషిగన్ చేతిలో ఓడిన సంగతి ఈ ఊరు మరచిపోదని మాత్రం మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.

ఆ మ్యాచ్ ఇక్కడ పడితే తప్పకుండా వెళ్లమనండి. టికెట్‌ను విశ్వవిద్యాలయం ద్వారానే కొనాలి, వాట్సాప్ గ్రూపుల్లో అపరిచితులకు డబ్బు పంపవద్దు. లోపలికి పారదర్శకమైన సంచే అనుమతిస్తారు. మందపాటి కోటు, ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు, చేతి తొడుగులు ఉండాలి. డిసెంబర్ రాత్రి సున్నా కంటే కింద, ఆ సిమెంటు మెట్ల మీద మూడున్నర గంటలు ఉండాలి. పసుపు, ముదురు నీలం కలిసిన దుస్తులు వద్దు, అవి మిషిగన్ రంగులు. ఆట మొదలుకావడానికి గంట ముందే లోపలికి వెళ్లమనండి. 1936 నుంచి వస్తున్న పద్ధతిలో బ్యాండు నడుస్తూనే మైదానం మీద కలిపిరాతలో ఒహాయో అని రాస్తుంది. చివరన 'ఐ' అక్షరం మీద చుక్క పెట్టడానికి, భుజానికి పెద్ద ఇత్తడి సూసాఫోన్ చుట్టుకున్న విద్యార్థి ఒకరు అడుగులు పైకెత్తి వేసుకుంటూ వచ్చి, నడుము విరిగేలా వంగి ఇరువైపులకూ నమస్కరిస్తారు. ప్లేఆఫ్ మ్యాచ్‌లో బ్యాండుకు ఎంత సమయం ఇస్తారో గానీ, ఆలస్యంగా వెళ్తే అది చూసే అవకాశం పోతుంది.